ఆరని నారింజ దీపం

మేస్త్రి చేతులకు ప్లాస్టర్ ఇంకా అంటుకునే ఉంది. కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, సాయంత్రం ఐదింటికి నన్ను పనిలోంచి పొమ్మన్నారు. ముప్పై ఒక్కేళ్లు చేశాను. కంప్యూటర్ నేనే పాడుచేశానట!"

టార్చి అత్తయ్య కుర్చీ చూపించింది. చేతిసంచీలో టార్చి లేకుండా గడప దాటని ఈ ప్రైవేటు డిటెక్టివుకు ఊరంతా కలిసి పెట్టిన పేరది. నిజానికి ఆమె ఒక్కడికే అత్తయ్య. ఆ మేనల్లుడే ఆమె అసిస్టెంటు, అత్తయ్య తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

మేస్త్రి పనిచేసేది కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో. పూర్వం కొలతలూ అచ్చులూ అన్నీ చేత్తోనే. రెండేళ్లుగా నమూనా కంప్యూటర్‌లో గీస్తే మిషన్ చెక్కుతోంది. ఇవాళ తొమ్మిదేళ్ల పాప కాలికి అచ్చు చెక్కాలి. పొద్దున బాగానే ఉన్న కంప్యూటర్, భోజనాల తర్వాత తెర వెలిగించనని మొండికేసింది. ఆ గంటసేపూ గదిలో ఉన్న పనివాడు మేస్త్రి ఒక్కడే.

"మీకూ దానికీ పడదా?" అని అడిగింది అత్తయ్య.

"ఎప్పటికైనా దీన్ని గోతిలో పాతేస్తానని నలుగురి ముందూ అన్నానమ్మా. నా నోరే నాకు శత్రువు."

"భోజనాల వేళ ఏం చేశారు?"

"కుర్చీలో కునుకు తీశాను."

"అబద్ధమైతే ఇంతకన్నా మంచిది అల్లేవారు. పదండి" అని ఆమె సంచీ అందుకుంది.

వర్క్‌షాపు గదిలో కిటికీ, అలమర, ఫోను, అన్నీ ప్లాస్టర్ దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి. పొట్టిదైపోయిన పాత కాలు పక్కన పెట్టుకుని, చంకకర్ర పట్టుకుని పాప పొద్దుటినుంచీ అక్కడే కూర్చుని ఉంది. సెలూన్ నడిపే పాప తండ్రి లేచి, తన కుర్చీని రుమాలుతో రెండుసార్లు దులిపి అత్తయ్య ముందుకు జరిపాడు. మేస్త్రిని పొమ్మన్న ఓనరమ్మ మాత్రం ఆయన వైపు చూడనైనా లేదు.

పాప పాత కాలు తొడుక్కోబోతే మేస్త్రి వంగి సాయం చేశాడు.

"తొయ్యమ్మా, ఇంకొంచెం. టక్‌మనాలి."

కాలిని పట్టి ఉంచే లోపలి మేకు టక్‌మని బిగిశాకే ఆయన చెయ్యి వదిలాడు.

అత్తయ్య కంప్యూటర్ మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర నల్లగానే ఉంది. పక్క అద్దంలోంచి మదర్‌బోర్డు అంచున నాలుగు చిన్న దీపాలు కనిపించాయి. మొదటిది వెలిగి ఆరింది. రెండోది, నారింజది, వెలిగి అలాగే ఉండిపోయింది.

"ఇది లేచేటప్పుడు తన ఒళ్లు తానే తడుముకుంటుందిరా" అంది మేనల్లుడితో. "ప్రాసెసర్, మెమరీ, తెర, డిస్కు, ఆ వరుసలో. ఎక్కడ నొప్పో అక్కడి దీపం ఆరదు."

కరెంటు తీసేసి ఆమె పక్క తలుపు తెరిచి టార్చి వేసింది. మేనల్లుడు తలదూర్చి ముక్కు ఎగబీల్చాడు.

"అత్తయ్యా, పౌడర్ వాసన!"

ఫ్యాను రెక్కకు ఒక మెత్తటి కుచ్చు వెంట్రుక చిక్కుకుని ఉంది. ఆమె దాన్ని కాగితంలో చుట్టి, అందరినీ బల్ల చుట్టూ కూర్చోమంది.

"గదంతా దుమ్మే, దీని కడుపు మాత్రం అద్దంలా ఉంది. పాడుచెయ్యాలనుకున్నవాడు ఇంత శుభ్రంగా తుడవడు. మెమరీ పలక ఒక కొస గాడిలో కూర్చుంది, రెండో కొస గోరుమందం పైకుంది. అది మేస్త్రిగారి చెయ్యి కాదు. టక్‌మనకుండా ఆయన దేన్నీ వదలరని ఇందాక అందరం చూశాం. ఈ వెంట్రుక రోజూ పౌడరద్ది మెడలు దులిపే కుచ్చుది. క్షవరం మిషన్ బ్లేడు ఊడదీసి, దులిపి, తొడగడం అలవాటైన చెయ్యి."

పాప తండ్రి తల వంచుకున్నాడు.

"నేనేనండీ. నా బిడ్డను మొదటిసారి నిలబెట్టింది మేస్త్రిగారే. ఏమిచ్చినా తీసుకోరు. దుమ్ముతో ఇది గుయ్యిమంటోందని పొద్దున ఆయన విసుక్కున్నారు. సంచీలో కుచ్చుంది, నాకు చేతనైంది చేద్దామనుకున్నాను. తర్వాత ఆయన్ని తిడుతుంటే నోరు పెగల్లేదు. పాప కాలు ఆపేస్తారేమోనని భయమేసింది."

"మేలు చేసి దాచుకోండి, తప్పులేదు" అంది అత్తయ్య. "మీ మౌనం ఇంకోడి కూడు తీసేటప్పుడు మాత్రం దాచకండి. మేస్త్రిగారూ, పలక మీరే నొక్కండి."

టక్.

ఈసారి నారింజ దీపం వెలిగి, ఆరింది. తెర మీద పాప కాలి నమూనా ప్రత్యక్షమైంది. ఓనరమ్మ లేచి చేతులు జోడించింది.

"తొందరపడి మాటన్నాను మేస్త్రిగారూ. క్షమించండి."

"అది తర్వాత. మిషన్ వెయ్యండమ్మా, పాప చూస్తోంది." ఆయన అత్తయ్య వైపు తిరిగాడు. "మీ మేలు ఎలా తీర్చుకోనమ్మా?"

"ఏమీ చెయ్యకండి. ముఖ్యంగా నా కంప్యూటర్ దులపకండి."

వారం తర్వాత కొత్త కాలు తొడిగే రోజు అత్తయ్య, మేనల్లుడు కూడా వచ్చారు. కాలు టక్‌మన్నాక మేస్త్రి కుర్చీలో కూర్చుని పాప తండ్రి వైపు గడ్డం పైకెత్తాడు.

"గీస్తావా? నా మెడ నీకే అప్పగిస్తున్నాను. బ్లేడు మాత్రం టక్‌మనేదాకా నొక్కు."

సెలూన్ ఆయన నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. చంకకర్ర గోడకు ఆనించి పాప నడిచి వచ్చింది. మేస్త్రి మెడ చుట్టూ వేసిన తువ్వాలు జారకుండా రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడింది.