ఇరవై రెండు అంగుళాల లేసు

తూంకుంటలో కొత్తగా లేచిన కాలనీల్లో ఒకదానిలో, మూడో వీధి చివరి ఇంట్లో నాగమణి కాపురం. సొంత ఊరు తణుకు దగ్గర. భర్త బుల్లిబాబు శామీర్‌పేట వైపు ఒక మందుల కంపెనీలో స్టోర్ కీపర్. ఆవిడ బొమ్మరిళ్లు కడుతుంది. పిల్లలు రెండు రోజుల్లో విరగ్గొట్టే ప్లాస్టిక్ ఇళ్లు కావు. అసలు ఇంటిని చూసి, కొలిచి, చెక్కతోనూ అట్టతోనూ పన్నెండో వంతుకి దించి కట్టే ఇళ్లు. అసలింట్లో అడుగు ఉన్నది ఇక్కడ అంగుళం అవుతుంది. మంచం అరచేతిలో ఇముడుతుంది.

ఆ పనికి కావలసిన సరుకంతా వంటింటి పక్క గదిలో బిస్కట్ డబ్బాల్లో ఉండేది. మిఠాయి పెట్టెలకు కట్టిన రిబ్బన్లు, పెళ్లికార్డుల రిబ్బన్లు, పాత పరికిణీల అంచులు, అన్నీ వెడల్పు ప్రకారం వేరుచేసి, ఖాళీ దారపు రీళ్లకు చుట్టి పెట్టేది. మడతలు పడ్డ రిబ్బనును వేడినీళ్లు పోసిన స్టీలు గ్లాసు మీద లాగి సాపు చేసేది. కత్తిరించిన చోట పీచు లేవకుండా అగరొత్తి నిప్పు ఒక్క క్షణం తాకించేది. దేన్ని ఎక్కడ తీసిందో అక్కడే పెట్టాలి. చెప్పిన రోజుకి పని ఇవ్వాలి. పక్కవాళ్ల గోడ మీది పువ్వు కోసినా దొంగతనమేనని కాలనీ పిల్లలను నిలబెట్టి మందలించే మనిషి ఆవిడ.

చిక్కంతా లేసుతోనే వచ్చేది. బజారు లేసు మీద పువ్వు బటాణీ గింజంత ఉంటుంది. మన కంటికి అది చిన్నదే. మూడంగుళాల కిటికీకి కడితే మాత్రం క్యాబేజీలు వేలాడదీసినట్టు ఉంటుంది. కౌకూర్‌లో ఉండే వినోద టీచరు దసరా బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి ఒక మేడ అడిగింది. ఎనిమిది కిటికీలు. అన్నిటికీ లేసు తెరలు. నాగమణి బేగంబజారు దాకా పోయి మూడుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

అప్పటికి కూతురు సహస్ర పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. మనవరాలికి పద్దెనిమిది రోజులు. పుట్టినప్పుడు మూడు కిలోలు తూగింది. ఏడ్చినా గట్టిగా ఏడ్చేది, తాగినా గట్టిగా తాగేది.

శామీర్‌పేట ఊళ్లో సుగ్రా అనే ఆమె రేకుల షెడ్డులో పాతబట్టల వ్యాపారం చేసేది. ఆమె భర్త ఇనాయతుల్లా మోపెడ్ మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి బట్టలు తెచ్చేవాడు. సుగ్రా వాటికున్న గుండీలు, జిప్పులు, లేసులు విప్పి వేరుగా అమ్మేది. మిగిలిన గుడ్డలు మిషన్ల నూనె తుడవడానికి ఫ్యాక్టరీలకు పోయేవి. నాగమణి ఆమెకు పాత బేరం.

ఆ రోజు నాగమణి గుట్టలన్నీ వెతికి విసిగిపోయింది. చివరికి మూలన కట్టి పెట్టిన చిన్న మూట మీద చెయ్యి వేసింది.

"అక్కా, గా మూట ముట్టకు" అంది సుగ్రా.

"ఏం, ఎవరికైనా మాటిచ్చావా?"

"గవి బుడ్డపిల్ల బట్టలు. నలబై దినాలు గూడ బతకలే. వాళ్లమ్మ ఏడ్సుకుంట ఇచ్చిపోయింది. గసొంటి వాటికి మేము కత్తెర పెట్టం. మా అత్త కాలం సంది గంతే. శుక్రవారం మా ఆయన తీస్కపోయి మట్టిల పెట్టొస్తడు."

అంతలో బయట గుడ్డలు ఎత్తుకుపోయే ఆటో వచ్చింది. సుగ్రా లేచి వెళ్లింది. మూట సందులోంచి తెల్ల గౌను అంచు కొంచెం బయటికి కనబడుతోంది. దానికి లేసు. అంగుళమున్నర వెడల్పు. చీమ కన్నంత రంధ్రాలు. నాగమణి ఆరేళ్లుగా వెతుకుతున్న లేసు.

ఎలాగూ మట్టిలో పోయేదే అనుకుంది. బట్ట తీసుకోవడం లేదు, అంచు మాత్రమే అనుకుంది. వృథా అయ్యేదాన్ని వాడుకోవడం తప్పెలా అవుతుందనుకుంది. తప్పని తెలిసినప్పుడే మనిషికి ఇన్ని కారణాలు కావాలి. సంచిలోంచి చిన్న కత్తెర తీసి, గౌను కింది అంచు చుట్టూ ఉన్న లేసును కుట్టు వెంబడి కోసేసింది. గౌనును మళ్లీ మూటలోకి తోసింది. సుగ్రా తిరిగొచ్చేసరికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చి కొలిచింది. సరిగ్గా ఇరవై రెండు అంగుళాలు. ఎప్పటిలా నోటుపుస్తకంలో రాసుకుంది. కిటికీకి రెండుముప్పావు చొప్పున ఎనిమిది ముక్కలు. ఒక్క పోగు మిగల్లేదు, ఒక్క పోగు తగ్గలేదు. వాటిని పల్చటి జిగురుతో అంటించి, మేడకు తెరలు వేలాడదీసి చూసుకుంది. ఇల్లు ఎంత బాగుందంటే, ఆ సాయంత్రం అన్నం తినడం కూడా మరిచిపోయింది.

తెల్లారి చూస్తే తెరలు తడిగా ఉన్నాయి.

జిగురు ఆరలేదనుకుంది. వాన రోజులు కదా అనుకుంది. రెండో రోజూ తడే. మూడో రోజూ తడే. జుట్టు ఆరబెట్టే మిషను పెట్టి ఆరబెట్టింది. ఆరేవి. గంటలో మళ్లీ తడిసేవి. జిగురు ఊడి ఒక్కో తెరే కింద పడేది. ఆవిడ అంటించేది. అది ఊడేది. పుల్లతో మళ్లీ జిగురు రాసేది. పదిహేనేళ్ల పనిలో ఏ గుడ్డముక్కా ఇలా మొండికేయలేదు. పైగా వాసన ఒకటి... పులిసిన పాల వాసన.

"సహస్రా, పాల గుడ్డలు నా బల్ల మీద పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"నేను ఆ గదిలోకే రాలేదమ్మా. లేవడానికే ఓపిక లేదు నాకు. నీ కిటికీల గోల నీకు, నా పిల్ల గోల నాకు."

పిల్ల గోల నిజమే. పాప తాగుతూనే ఉండేది, ఆకలికి ఏడుస్తూనే ఉండేది. నెల నిండాక ఆసుపత్రిలో తూకం వేశారు. మూడు కిలోలు. పుట్టిన రోజు ఎంతో, ఆ రోజూ అంతే. రక్తం చూశారు, నోరు చూశారు. ఏ లోపమూ లేదన్నారు. తల్లికి పాలు బాగానే ఉన్నాయన్నారు. వారం ఆగి మళ్లీ తెమ్మన్నారు. ఆ వారంలో యాభై గ్రాములు తగ్గింది.

ఇంట్లో మాటలు కరకుగా మారాయి. పథ్యం సరిగ్గా పెట్టడం లేదని కూతురు, సరిగ్గా తినడం లేదని తల్లి. మధ్యలో బుల్లిబాబు మేడలోకి వంగి చూసి, "తెరలు రోజూ ఎవరో ఉతుకుతున్నారే. నీకు తెలియకుండా అద్దెకు దిగారేమో" అన్నాడు. ఆయన టీవీ పెట్టుకున్నాడు.

ఆ గురువారం సాయంత్రం ఆకాశం నల్లబడి, దీపాలు పెట్టే వేళకు వాన మొదలైంది. కరెంటు పోయింది. బుల్లిబాబు ఇంకా కంపెనీ నుంచి రాలేదు. పాపకు నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, సహస్ర చేతికి ఇచ్చి, నాగమణి తన గదిలోకి వచ్చింది. ఛార్జింగ్ లైటు చివరికొచ్చి పసుపు రంగులో వెలుగుతోంది. పడమటి వైపు తెర మళ్లీ ఊడింది. పళ్లు బిగించి జిగురు సీసా తీసింది. రేపు ఎలాగైనా ఇల్లు ఇచ్చేయాలి.

అప్పుడు వినబడింది.

చప్... చప్... చప్...

పిల్ల పాలు తాగే చప్పుడు. పక్క గదిలో సహస్ర పాలిస్తోంది కదా అనుకుంది. పుల్ల జిగురులో ముంచింది. వాన చప్పుడు కొంచెం తగ్గింది. ఆ చప్పుడు తగ్గలేదు. దగ్గరగా ఉంది. చాలా దగ్గరగా...

"అమ్మా." పక్క గదిలోంచి సహస్ర గొంతు. గుసగుసగా. "అమ్మా, ఇటు రా."

నాగమణి గుమ్మం దాకా వెళ్లింది.

"పాప నిద్రపోయింది. రొమ్ము ఎప్పుడో వదిలేసింది." చీకట్లో సహస్ర మొహం తెల్లగా కనబడుతోంది. "మరి ఎవరు తాగుతున్నారమ్మా?"

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. చప్పుడు నాగమణి వెనక నుంచి వస్తోంది. బల్ల మీద నుంచి. మేడలోంచి.

సహస్ర ఎద పట్టుకుని ఒక్కసారి ముడుచుకుపోయింది. "లాగుతోందమ్మా..." అంది. పాప తల్లి ఒళ్లో కదలకుండా ఉంది. నోరు మూసి ఉంది.

నాగమణి వెనక్కి తిరిగింది. లైటు మేడ దగ్గర పెట్టింది. లోపల మంచం, కుర్చీలు, గోడ గడియారం, ఎక్కడివక్కడే. కిటికీ తెరలు మాత్రం... గాలి లేదు. తెరలు లోపలికి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి. ఎనిమిదీ ఒక్కసారే. లోపలికి. బయటికి. చప్పుడుతో పాటే.

అరవలేదు. అరిస్తే కూతురు భయపడుతుందని అరవలేదు. రెండు వేళ్లతో మొదటి తెర పట్టుకుని లాగింది. వెచ్చగా ఉంది. రెండోది లాగింది. ఎనిమిదీ లాగేసి పిడికిట్లో బిగించింది. వేళ్ల సందుల్లోంచి తెల్లటి చుక్కలు బల్ల మీద పడ్డాయి. చప్పుడు ఆగింది.

"ఏంటమ్మా అది?"

"నేను చేసిన తప్పు" అంది నాగమణి. ఆ రాత్రి ఎనిమిది ముక్కలూ స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఇంటి బయట డాబా మెట్ల కింద పెట్టింది.

పొద్దున్నే ఆటో ఎక్కి సుగ్రా షెడ్డుకు పోయింది. సుగ్రా బట్టల గుట్ట ముందు కూర్చుని గుండీలు తెంపుతోంది. నాగమణి డబ్బా ఆమె ముందు పెట్టింది.

"నీ మూటలోంచి కోసింది నేనే సుగ్రా."

"ఎరుకే."

"తెలిసీ అడగలేదేం?"

"నేనడిగితె నువ్వు లేదంటవ్. లేదన్నంక ఇగ తేలేవ్. నీ అంతట నువ్వే రావాలెనని ఊకున్న. అంచు లేకుంట మట్టిల పెట్టొద్దని మూట గూడ ఆపిన. ఎన్ని దినాలకొచ్చినవ్ అక్కా నువ్వు."

నాగమణి తల ఎత్తలేదు. "ఇంట్లో పసిపిల్ల ఉంది. తూకం తగ్గిపోతోంది. ఏం చెయ్యమంటావో చెప్పు."

"ఎట్ల తీసినవో అట్లనే కుట్టు. నా చెయ్యి పెట్టను. కుట్టినంక మా ఆయన తీస్కపోతడు. జల్దీ కుట్టు."

సుగ్రా మూట తెచ్చి ముందు పెట్టింది. ముడి విప్పింది నాగమణే. గౌను తీసి ఒళ్లో పరుచుకుని, ఎనిమిది ముక్కలూ వరసగా పేర్చి కొలిచింది. ఇరవై రెండు అంగుళాలు. పోయింది ఏమీ లేదు. మనసు కొంత కుదుటపడింది. సూది ఎక్కించి, పక్క కుట్టు దగ్గర మొదలుపెట్టి, పాత సూది రంధ్రాల వెంబడే దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ వచ్చింది. అంత శ్రద్ధగా ఏ బొమ్మరింటికీ కుట్టలేదు.

చుట్టూ తిరిగి వచ్చేసరికి లేసు అయిపోయింది. అంచు ఇంకా నాలుగు వేళ్లు మిగిలి ఉంది.

"ముడతలు పెట్టుకుంటూ కుట్టినట్టున్నాను" అంది. కుట్టంతా విప్పేసింది. సుగ్రా గుండీలు తెంపడం ఆపి చూస్తోంది.

"అక్కా, గీ గౌను పొద్దుగాల గింత లేకుండె..." అని ఆగిపోయింది.

"ఏం?"

"ఏం లేదు. కుట్టు."

మళ్లీ కుట్టింది. ఈసారి లేసును కొంచెం లాగి, బిగించి కుట్టింది. సగంలో ఫోను మోగింది. సహస్ర.

"అమ్మా, ఎక్కడున్నావ్? కంగారేం లేదులే. పాప ఇంతసేపు పడుకోవడం ఇదే మొదటిసారి. పాల వేళ దాటినా లేవలేదు. ఒక్కసారి కూడా కదల్లేదు తెలుసా. హాయిగా పడుకుంది."

"లేపు" అంది నాగమణి.

"ఎందుకమ్మా, పాపం ఇన్నాళ్లకి..."

"లేపవే సహస్రా."

అవతల కొంగు సర్దుకున్న చప్పుడు, గాజుల చప్పుడు. పిల్ల పేరు పెట్టి పిలుస్తున్న సహస్ర గొంతు. ఒకసారి. రెండుసార్లు.

నాగమణి ఫోను చెవికీ భుజానికీ మధ్య బిగించి పట్టుకుని, కుట్టు ముగించింది. లేసు చివర ఎక్కడిదాకా వచ్చిందో చూసింది. నాలుగు వేళ్లు పెట్టింది. చాలలేదు. చెయ్యి చాపి, లేసు అందని అంచును బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా కొలిచింది.

జానెడు.