ఎవరికి బాగుంది?

"నా కంప్యూటర్ ఎవరు ముట్టుకున్నారు?"

పిన్ని కేక వినగానే చిటపట చేతిలోని స్టేప్లర్ జారి కింద పడింది.

ఆ చిన్న టైపింగ్ షాపులో ఇంకెవరున్నారు గనక? జిరాక్స్ మెషీన్, కాగితాల కట్టలు, చిటపట. అంతే. చీటికీమాటికీ పేలుతుందని ఇంట్లోవాళ్ళు ఆ పిల్లకి పెట్టిన పేరది.

"నేనే!" అంది చిటపట. "నువ్వు కాగితాలు కొనడానికి వెళ్ళావుగా, అప్పుడు అప్‌గ్రేడ్ చేశాను. చూడు, ఎంత బాగుందో!"

తెర నిజంగానే మెరిసిపోతోంది. కొత్త రంగులు, గుండ్రటి బొమ్మలు. కొత్త సిస్టమ్ వేసుకుంటారా అని కంప్యూటర్ రోజూ అడిగేది. పిన్ని రోజూ 'తర్వాత' అని నొక్కేది. పిన్నికి బద్ధకం అనుకుంది చిటపట.

పిన్ని ఒక ఫైలు తెరిచింది. అది మర్నాడు వేయబోయే నాటకం. ఈ సాయంత్రం ఆరింటికే రిహార్సల్‌. ఆలోగా చివరి సీను కాపీలు ఇవ్వాలి.

తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ కొక్కేలు, చుక్కలు, డబ్బాలు.

పిన్ని ఖాళీ పేజీలో టైప్ చేసి చూసింది. కీబోర్డు వైపు చూడకుండా పరిగెత్తే వేళ్ళు అవి. ఒకటి కొడితే ఇంకోటి పడింది.

"పాత ఫాంట్ లేదు. నాకు అలవాటైన అక్షరాల వరస లేదు. ప్రింటర్ కూడా కనబడట్లేదు!"

అప్పుడే నాటకం మాస్టారు వచ్చాడు. తెర వైపు వంగి చూశాడు.

"ఇది మా నాటకంలో రాజు ఎలా చెప్పాలమ్మా? దగ్గమంటావా, తుమ్మమంటావా?"

ఆయన నవ్వట్లేదు. ముఖం కందగడ్డలా ఉంది.

"రేపే నాటకం! మావాళ్ళు చివరి సీను ఇంకా చూడనే లేదు!"

"ఇస్తాను మాస్టారూ. మాటిచ్చాను కదా," అంది పిన్ని.

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. పిన్ని చిటపట వైపు తిరిగింది.

"నన్నెందుకు చూస్తావు?" చిటపట పేలింది. "కొత్తది మంచిదే కదా! తిట్టాలంటే దాన్ని తయారుచేసినవాళ్ళని తిట్టు!"

"వాళ్ళనీ తిడతాను. నా పనేంటో కనుక్కోకుండా అన్నీ మార్చేశారు. నువ్వూ అదే చేశావు. బాగుంది, బాగుంది అంటున్నావు. ఎవరికి బాగుంది?"

"పోయినేడు రిపేర్ అంకుల్ కంప్యూటర్లో ఏదో మారిస్తే సంబరపడ్డావుగా!"

"ఆయన ముందు నా పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. నేనేం చేస్తానో చూశాడు. నీకు ఇబ్బంది ఎక్కడమ్మా అని అడిగాడు. పెద్ద ఫైళ్ళు తెరుచుకోవట్లేదని చెప్పాను. మర్నాడు చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫైళ్ళు మాత్రం చిటికెలో తెరుచుకున్నాయి. అదీ తేడా!"

చిటపట వంగి, కింద పడ్డ స్టేప్లర్ తీసి బల్ల మీద పెట్టింది.

పాత సిస్టమ్ వెనక్కి తెచ్చే దారి రిపేర్ అంకులే ఫోన్లో చెప్పాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆరు దాటింది. నటులంతా షాపు మెట్ల మీదే కూర్చున్నారు. రాజు వేషం వేసేది బస్సు కండక్టర్. ఆయన సంచీ భుజాన వేసుకుని లేచాడు.

"నాకు డ్యూటీ టైమైంది. రేపు ఏం మాట్లాడాలో ఆ దేవుడికే తెలియాలి!"

ఆయన వెళ్ళాక చాలాసేపటికి కాపీలు వచ్చాయి. మాస్టారు వాటిని లాక్కున్నట్టు తీసుకున్నాడు. పిన్ని ముఖం కూడా చూడలేదు.

మర్నాడు నాటకంలో రాజు చివరి సీనంతా కాగితం చూసి చదివాడు. జనం నవ్వారు. అది నవ్వాల్సిన సీను కాదు.

ఇంటికి నడుస్తూ పిన్ని ఒక్క మాటా అనలేదు. తిడితే చిటపట కూడా తిరిగి పేలేది. తిట్టలేదు. ఇక కోపమంతా ఎవరి మీద చూపించాలి? దారంతా తనమీద తనకే మండింది.

ఆ మర్నాడు బడి కాగానే షాపుకొచ్చింది. పిన్ని పలకరించలేదు. చిటపట స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. కంప్యూటర్‌ని ముట్టుకోలేదు. పిన్నిని చూస్తూ ఉంది.

పొద్దు వాలేసరికి కిటికీలోంచి ఎండ సరిగ్గా తెర మీద పడింది. పిన్ని ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంది. కుడిచేత్తోనే ఒక్కో అక్షరం కొట్టసాగింది. రోజూ ఇంతేనా? ఇన్నాళ్ళూ తనకి కనబడనే లేదు.

చిటపట లేచింది. మూలనున్న పెద్ద అట్టపెట్టె చింపి, కిటికీ దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళింది. అట్టని పైకెత్తింది.

ఆగింది. వెనక్కి తిరిగింది.

"పిన్నీ, ఇది ఇక్కడ పెట్టనా? నీకు గాలి ఆగిపోతుందా?"

పిన్ని తల తిప్పి అట్ట వైపు చూసింది. ఇంకా నవ్వలేదు.

"కొంచెం పైకి," అంది. "కింద సందు వదులు."

చిటపట అట్టని పైకి జరిపింది. తెర మీది ఎండ పోయింది. పిన్ని ఎడమచెయ్యి కీబోర్డు మీదికి దిగింది.