నారాయణపేట సంచి

“ఓ అన్నా, గిదేంది? పుస్తకాల సంచి తెచ్చినవా, చెరువును మోసుకొచ్చినవా?”

శ్రీదేవి గొంతు విని నాగేందర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ముఖం మీద కారుతున్న నీళ్లు తుడుచుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. రెండు చేతులతో నారాయణపేట సంచిని పట్టుకుని ఉన్నాడు. దాని అడుగు నుంచి నీళ్లు గచ్చు మీద కారుతున్నాయి.

మహబూబ్‌నగర్‌లోని యూనివర్సిటీ పెద్ద లైబ్రరీలో, మెట్ల పక్కన ఉన్న ఇరుకు గదిని తపాల్ గది అంటారు. నారాయణపేట, అచ్చంపేట సెంటర్లలోని చిన్న లైబ్రరీలకు వెళ్లే పుస్తకాలు, జర్నల్స్, థీసిస్ కాపీలు అన్నీ ఆ గదిలోంచే వెళ్తాయి, అక్కడికే తిరిగొస్తాయి. శ్రీదేవి ఆ పనిలో ఔట్‌సోర్సింగ్ మీద కొత్తగా చేరింది. నాగేందర్ నారాయణపేట లైబ్రరీలో అటెండర్. రోజు విడిచి రోజు బస్సులో సంచి తెచ్చి, ఇంకో సంచి తీసుకుపోతాడు.

“వాన పడ్డది” అన్నాడు.

“నాకు కనిపిస్తలేదా? మీద ఏమన్న కప్పొచ్చు గద!”

“కప్పిన. చూడు.”

చూసింది. నిజమే. సంచి రెయిన్‌కోట్ తొడుక్కుని ఉంది. మనిషి మాత్రం తడిసి ముద్దయ్యాడు.

“మరి నీళ్లెట్ల పోయినయ్?”

“బస్సుల కాళ్ల కాడ పెట్టిన. నీళ్లు కింది నుంచి వచ్చినయ్. ఈ రెయిన్‌కోట్‌కు మీది వానే తెలుసు మేడం.”

శ్రీదేవికి నవ్వొచ్చింది. కానీ నవ్వే ఓపిక లేదు. పొద్దున లేచి వంట చేసి, తమ్ముడిని కాలేజీకి పంపి, మేస్త్రి పనిలో నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డ తండ్రి ఏసోబుకు మందులిచ్చి, షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చింది. ఇప్పుడీ తడిసిన జర్నల్స్.

ఆరేలోపు పేజీలు విడదీయకపోతే అట్టలా అతుక్కుపోతాయి. ఇద్దరూ ఫ్యాన్ కింద గచ్చు మీద కూర్చున్నారు. ఒక్కో పేజీ తిప్పి, గాలి తగలనిచ్చి, మరో పేజీ తిప్పడం. బయట వాన ఆగలేదు.

“నీ బస్సు పోతది.”

“పోనీ. ఇంకోటి వస్తది.”

“అది గూడ పోతె?”

“నిన్ను తిట్టుకుంట ఈడనే పండుకుంట.”

ఈసారి ఓపిక లేకపోయినా నవ్వింది.

*

ప్రేమలో పడేవాళ్లు వెన్నెల గురించి మాట్లాడుకుంటారంటారు. వీళ్లు నడుం నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

“ఇయ్యాల నాకు మెడ పట్టేసింది” అనేది ఆమె, ప్యాకెట్లకు లేబుళ్లు అంటిస్తూ.

“నాకు భుజం. తెల్లారంగ గొర్రెపిల్లలకు మేతేసి, బస్సుల నిలవడి వచ్చిన” అనేవాడు అతను. వాళ్లది మక్తల్ దగ్గర పల్లె. తండ్రి గుర్వయ్యకు గొర్రెల మంద ఉంది.

చాయ్ వచ్చేది. ఇద్దరూ మాట్లాడకుండా తాగేవాళ్లు. ఎవరి ముందూ హుషారుగా ఉన్నట్టు నటించక్కర్లేని ఆ కాసేపు వాళ్లిద్దరికీ సెలవు దొరికినట్టుండేది.

ఒకరోజు నాగేందర్ గ్లాసు కింద పెట్టి అన్నాడు. “ఈ మధ్య నన్ను అన్నా అంటలేవు.”

“అవునా? నేను చూసుకోలే.”

“నేను చూసుకున్న.”

ఆమె తల ఎత్తకుండా కవరు మీద గట్టిగా స్టాంపు గుద్దింది.

“తలకిందులు పడ్డది” అన్నాడు.

“నోరు మూసుకొని సంచి పట్టు!”

*

దసరా తర్వాత ఒక పొరపాటు జరిగింది. నారాయణపేటలో సుస్మిత అనే పరిశోధక విద్యార్థిని వైవా ఉంది. ఆమె థీసిస్ కాపీలు అక్కడికి వెళ్లాలి. అంతకుముందు రాత్రంతా ఏసోబు నొప్పితో మూలుగుతుంటే శ్రీదేవి కన్ను మూయలేదు. పొద్దున ఆ నిద్రమత్తులోనే ప్యాకెట్ మీద అచ్చంపేట లేబుల్ అంటించింది. కాపీలు అచ్చంపేట చేరాయి. వైవా వాయిదా పడింది. సుస్మిత ఫోన్ చేసి ఏడ్చింది.

అసిస్టెంట్ లైబ్రేరియన్ పరశురాములు ఇద్దరినీ పిలిచాడు. శ్రీదేవి నోరు తెరిచేలోపే నాగేందర్ అందుకున్నాడు.

“నాదే తప్పు సార్. ప్యాకెట్లు నేనే మార్చిన.”

“కాదు సార్” అంది శ్రీదేవి. “లేబుల్ నేనే అంటించిన. ఈయన చెయ్యి గూడ పెట్టలే.”

పరశురాములు కళ్లద్దాలు తీసి కళ్లు నలుముకున్నాడు. “ఇట్ల తప్పు నాదంటె నాదని కొట్లాడేటోళ్లను నా సర్వీసుల చూడలే. పొండి. ఇంకోపారి కాకుండ చూసుకోండి.”

బయటికి రాగానే శ్రీదేవి తిరగబడింది.

“నీకెవరు చెప్పమన్నరు?”

“నీ నౌకరి పోతదేమోనని…”

“పోతె పోతది! నా తప్పు నేను ఒప్పుకోలేనా? నన్ను చూస్తె నీకు గంత జాలి అయితుందా?”

“జాలి కాదు.”

“మరేంది?”

జవాబు అతని నాలుక చివరే ఉంది. వరండాలో జనం అటూ ఇటూ పోతున్నారు. ధైర్యం చాలలేదు.

“ఏం లే” అన్నాడు.

ఆ మాట ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది.

తర్వాతి నెల నుంచి సంచులను బస్సు పార్సిల్‌లో పంపడం మొదలుపెట్టారు. దానికోసం ఒక మనిషి రోజంతా తిరగడం దేనికన్నారు. నాగేందర్ నారాయణపేటలోనే ఉండిపోయాడు. సంచి ఒంటరిగా వచ్చేది. మూతి ముడి బిగుతుగా ఉండేది, విప్పుతుంటే వేళ్లు మండేవి. కట్టింది ఎవరో ఆమెకు తెలుసు. ఫోన్ నంబరూ ఉంది. చేసి ఏమని అడగాలి? అటు వైపు అతనూ అదే అనుకుంటూ ఫోన్ జేబులో పెట్టుకునేవాడు. చాయ్ వస్తే శ్రీదేవి పని చేసుకుంటూనే తాగేసేది.

*

ఎండలు మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం నాగేందర్ గుమ్మంలో కనిపించాడు. గడ్డం మాసి ఉంది. చేతుల్లో ఏమీ లేదు.

“సంచి ఏది?” అంది, ఏమనాలో తోచక.

“సంచి కోసం రాలే. అమ్మను పెద్దదవాఖానల చేర్పించిన. కడుపుల గడ్డ ఉండె. నిన్న ఆపరేషన్ అయింది. ఆడోళ్ల వార్డు. పొద్దుగూకితే మొగోళ్లను ఉండనియ్యరు. చెల్లె పచ్చి బాలింత. నాయిన గొర్లెంబడి అమ్రాబాద్ అడివి దిక్కు పోయిండు. ఈ ఊర్ల నాకు నువ్వు తప్ప ఎవరూ తెల్వదు.”

“వార్డు ఎక్కడ?” అంది శ్రీదేవి. ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, జావ కాచి, టిఫిన్‌లో పోసుకుని దవాఖానకు వెళ్లింది. నాగేందర్ తల్లి గుర్వమ్మ మంచం మీద నీరసంగా పడుకుని ఉంది.

“నాగేందర్ పంపిండా? ఎవరి బిడ్డవే?”

“ఏసోబు బిడ్డను. మేస్త్రి ఏసోబు.”

ఏ కులమో, ఏ వాడో ఆ పేరే చెప్పేసింది. గుర్వమ్మ చాలాసేపు పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూసింది. శ్రీదేవి జావ గ్లాసును ముందుకు చాపలేదు, వెనక్కీ తీసుకోలేదు.

“సల్లారుతాంది. ఇటియ్యి” అంది గుర్వమ్మ.

పొద్దున నాగేందర్ వచ్చేసరికి తల్లి నోటి మీద వేలు పెట్టి సైగ చేసింది. శ్రీదేవి మంచం అంచు మీద తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

“నాకు కావలుండనీకె వచ్చింది. నేనే దీనికి కావలున్న” అంది గుర్వమ్మ మెల్లగా. “సెలైన్ అయిపోతె నర్సమ్మను నేనే పిలుచుకున్న. లేపబుద్ధి కాలేరా. ఎన్నిదినాల సంది నిద్ర లేదో.”

మాటలకు మెలకువ వచ్చిన శ్రీదేవి ముఖం దాచుకుంటూ బయటికి పరుగెత్తింది. నాగేందర్ వెనకే వెళ్లాడు. చాయ్ బండి దగ్గర ఇద్దరూ ఆగారు.

“ఆనాడు జాలి కాదన్న గద” అన్నాడు.

“మరేందని అడిగిన. ఏం లేదన్నవ్.”

“అబద్ధం చెప్పిన. నువ్వంటె ఇష్టం. ఆ సంచి తడిసిన దినం నుంచి ఇష్టం.”

ఆమె గ్లాసులోకి చూస్తూ నిలబడింది. “ఆ మాట రానీకె గిన్ని నెలలా? ఏడ తిరిగొచ్చింది?”

“అచ్చంపేట మీదికెల్లి వచ్చింది.”

శ్రీదేవి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “నాకూ ఇష్టమే. కానీ మీ ఇంట్ల ఒప్పుకోరు నాగేందర్. నాకు మల్ల ఏడ్చే ఓపిక లేదు.”

“అడుగుత. ఒప్పుకోకున్నా నిన్నిడిచిపెట్ట.”

గుర్వమ్మను అడగాల్సిన పని పడలేదు. “నాకు కండ్లు లేవా?” అంది. “మీ నాయినకు నేను చెప్త.”

చెప్పింది. ఫోన్‌లో అంతా విని గుర్వయ్య మాట్లాడకుండా పెట్టేశాడు. తర్వాత కొడుకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఇటు ఏసోబు కూతురు చెప్పిందంతా విన్నాడు. “పిలగాడు మంచోడే కావచ్చు. వాళ్లోళ్లు మనింటికొచ్చి కూసుంటరా బిడ్డా?” అని అడిగాడు. ఎండాకాలమంతా వాళ్లిద్దరూ ఫోన్‌లో మళ్లీ నడుం నొప్పుల గురించే మాట్లాడుకున్నారు. అసలు మాట ఎత్తితే ఇద్దరికీ దిగులేసేది.

*

మృగశిర వానలు పడ్డాక, తపాల్ గది గుమ్మంలో ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. భుజం మీద గొంగడి, కాళ్లకు అరిగిపోయిన చెప్పులు. అచ్చం నాగేందర్ ముక్కే, చూస్తేనే ఎవరో తెలిసింది. శ్రీదేవి లేచి కుర్చీ జరిపింది.

గుర్వయ్య కూర్చున్నాడు. కాసేపు గదిలోని సంచులను చూశాడు.

“పొద్దుగాల మీ ఇంటికి పోయిన” అన్నాడు. “మీ నాయిన మంచం మీదనే జరిగి జాగ ఇచ్చిండు. కూసున్న. మీ తమ్ముడు చాయ్ పోసిండు. తాగిన.”

శ్రీదేవి బల్ల అంచును పట్టుకుంది.

“మావోళ్లల్ల కొందరు పెండ్లికి రారు. మొదలు నాకు గూడ కోపమొచ్చింది. అడివిల గొర్లెంబడి తిరుక్కుంట చానా దినాలు కోపం మోసిన. అది గొర్రెపిల్ల కంటె బరువున్నది బిడ్డా. నాతోని కాలే. మా ముసల్ది నీ చేతి జావ గురించి చెప్పుడు ఆపుతలేదు. ఇగ తారీకు చెప్పుండ్రి. మల్ల నేను మంద కాడికి పోవాలె.”

శ్రీదేవి ఫోన్ తీసి నాగేందర్‌కు చేసింది.

“మీ నాయిన వచ్చిండు.”

“ఏమంటుండు?”

“తారీకు అడుగుతుండు.”

అటు నుంచి బస్సు హారన్ వినిపించింది.

“ఏడుస్తున్నవా?” అంది.

“లే. బస్సుల ఉన్న. అందరూ సూస్తుండ్రు” అన్నాడు నాగేందర్, ముక్కు ఎగబీలుస్తూ.