తలలు లెక్కపెట్టే గది

మొదటివాడు బస్‌స్టాప్‌లో కూలిపోయాడు. చేతిలో గొడుగు ఇంకా విప్పనేలేదు. రెండోవాడు సొంత ఇంటి లిఫ్ట్‌లో.

"ఇద్దరూ మనకి రహస్యాలు పంపేవాళ్ళే," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఇద్దరి మెసేజ్‌లూ నువ్వున్న యూనివర్సిటీ ల్యాబ్ సర్వర్ మీదుగానే వచ్చాయి. అక్కడెక్కడో చిల్లుంది, తూనీగా. ఇక మిగిలింది గోరింక. శత్రువుల ఆయుధాల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్. చంకలో పసిబిడ్డ. సరిహద్దు ఎక్కడ దాటాలో తెలుసుకోవడానికి సాయంత్రం ఐదింటికి ఆన్‌లైన్‌లోకొస్తుంది. ముందే హెచ్చరించే దారి లేదు. ఈలోగా చిల్లు పట్టుకో."

తూనీగ అన్నది ఆమె కోడ్ నేమ్. రిసెర్చ్ అసిస్టెంట్ అన్నది ఆమె వేషం. ఫోన్ పెట్టేసిందో లేదో మళ్ళీ మోగింది. ఈసారి అమ్మ.

"పిల్ల గిలక్కాయ సంచీలో వేసుకుపోయావా ఏమే? కొత్తది చేతికిస్తే విసిరికొడుతోంది. దీనికి అదే కావాలట. ఆఫీసులో దాంతో ఎవర్ని ఆడిస్తున్నావే తల్లీ?"

"పనుందమ్మా, మళ్ళీ చేస్తా."

ఎర్రబడిన ముఖంతో ల్యాబ్‌లోకి నడిచింది. అక్కడ పరిశోధన అజ్ఞాత నెట్‌వర్క్ మీద. పేరు చెప్పుకోలేనివాళ్ళు పంపే మాట కవరులో కవరు, అందులో ఇంకో కవరుగా మూడు సర్వర్లు దాటుతుంది. పంపిందెవరో మొదటి సర్వర్‌కే తెలుసు. ఎటు పోతోందో చివరిదానికే తెలుసు. ఆ చివరి సర్వర్లన్నింట్లోకీ పెద్దది ఈ ల్యాబ్‌దే. దాన్ని రోజూ ఎంతమంది వాడుతున్నారో లెక్కకట్టడమే వీళ్ళ పని. ఆ లెక్కలో కూడా కావాలనే కాస్త తప్పు కలిపి రాస్తారు, ఏ ఒక్కరి జాడా దొరక్కుండా.

"తలలు లెక్కపెట్టండి, ముఖాలు చూడకండి," అంటాడు ప్రొఫెసర్, కొత్తగా చేరిన ప్రతివాళ్ళతోనూ. సర్వర్ బీరువా తాళంచెవి ఆయన మెడలోనే వేలాడుతుంటుంది.

తూనీగ అనుమానమంతా విజిటింగ్ స్కాలర్ మీదే. ఎర్రకోటు, ముత్యాల కమ్మలు. ఆమె నడిచివెళితే పీహెచ్‌డీ కుర్రాళ్ళు తమ థీసిస్ టైటిల్ మరిచిపోతారు. చీఫ్ మనిషే, కానీ జీతం రెండు చోట్ల అని ఆఫీసులో గుసగుస.

సాయంత్రం నాలుగున్నరకి క్యాంటీన్‌లో తూనీగ తూలినట్టు నటించి ఆ కోటు మీద కాఫీ ఒలకబోసింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" ఎర్రకోటు విసవిసా బాత్‌రూమ్‌కి వెళ్ళింది. టాబ్లెట్ బల్ల మీదే ఉండిపోయింది.

తెరిచి ఉన్న పేజీలో ఒకే వాక్యం: 'చంటిబిడ్డతో సరిహద్దు దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాప ఏడవకుండా ఏం చెయ్యాలి?' కింద ఎవరిదో నోట్: 'గోరింక ఇదే. మొదటి సర్వర్ మన చేతిలో ఉంది. ఐదింటికి మొదటి సర్వర్‌లోనూ చివరిదాంట్లోనూ మెసేజ్ టైము సరిపోలితే ఇల్లు దొరికినట్టే.'

తూనీగ టాబ్లెట్‌ని గబుక్కున బోర్లించింది. టైము లెక్క అర్థమై కాదు. ఆ వాక్యం తను ముందే చదివింది.

ల్యాబ్‌లో ఎవరూ సర్వర్ దాటిపోయే ఏ మాటా కాపీ చేసి దాచరు. దాచింది తనొక్కతే. సర్వర్ మార్చిన రోజు అందరూ వైర్లు మోస్తుంటే, మెసేజ్‌లు కాపీ చెయ్యడానికి చీఫ్ ఇచ్చిన చిన్న నల్లపెట్టెని బీరువాలో తగిలించింది. దాని రిసీవర్ పాప గిలక్కాయలో ఉంది. చంటిపిల్ల తల్లి సంచీ ఎవరు వెతుకుతారు? అప్పట్నుంచీ భోజనం చేస్తూ ఎవరెవరి గోడునో ఫోన్‌లో చదువుకుంటూనే ఉంది. రోగాలు, అప్పులు, మొగుడి దెబ్బలు. మొదట దేశం కోసం. తర్వాత ఊసుపోక. ఈ వాక్యం పక్కన 'పనికిరానిది' అని టిక్కు కూడా పెట్టింది.

చీఫ్‌కి ఫోన్ చేసింది. "చిల్లు నేనే సార్. మన పెట్టె పాస్‌వర్డ్ ఎర్రకోటుకి ఎవరిచ్చారు?"

"నేనే. సాయానికని." చీఫ్ గొంతు తగ్గించాడు. "అయినా పెట్టె తియ్యకు. దాంతో చాలా పనుంది. గోరింక కాకపోతే ఇంకో గోరింక."

తూనీగ ఫోన్ కట్ చేసింది. గోడ గడియారం ఐదుకి దగ్గరపడింది. ప్రొఫెసర్ చుట్టూ విద్యార్థులు. పక్కకి పిలిచి చెప్పే వ్యవధి లేదు.

"సార్, నేను రిసెర్చ్ అసిస్టెంట్‌ని కాదు. మీ సర్వర్‌కి దొంగచెవి పెట్టాను. ఇప్పుడే తీసెయ్యాలి. లేకపోతే ఒక తల్లీబిడ్డా చచ్చిపోతారు."

ప్రొఫెసర్ ఆమె ముఖంలోకి చూశాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. మెడలోంచి తాళంచెవి తీసి, ఆమె చేతికివ్వకుండా తనే బీరువా తెరిచాడు.

"అందరూ చేతులు పైకి!" గుమ్మంలో ఎర్రకోటు. చేతిలో లిప్‌స్టిక్.

"దానికి చేతులెందుకమ్మా ఎత్తడం?" అన్నాడు ప్రొఫెసర్ అయోమయంగా.

"పిస్టల్ సార్ అది!" తూనీగ సంచీ విసిరింది. అందులోని పాలసీసా ఎర్రకోటు ముంజేతికి తగలడంతో గుండు ట్యూబ్‌లైట్‌లోకి దూసుకుపోయింది. విద్యార్థులు ఎర్రకోటు మీద పడ్డారు. గడియారం ముల్లు ఐదు మీదికి వాలుతుండగా తూనీగ నల్లపెట్టెని వైర్లతో సహా పీకేసింది. సర్వర్ ఆగిపోయింది.

కాసేపటికి చీఫ్ మెసేజ్ వచ్చింది. 'ల్యాబ్ సర్వర్ ఆగేసరికి గోరింక కంప్యూటర్ వేరే సర్వర్ల దారి పట్టింది. సరిహద్దు ఎక్కడ దాటాలో తెలుసుకుంది. నీ సంగతి రేపు.'

సెక్యూరిటీవాళ్ళు ఎర్రకోటుని తీసుకెళ్ళారు. కింద పడ్డ గిలక్కాయని ప్రొఫెసర్ ఏరి, ఒకసారి ఆడించి చూశాడు. మోగలేదు. లోపల గింజల చోట చిప్ ఉంది మరి.

"మా స్టడీ అంతా ఇక చెత్తబుట్టకే," అన్నాడు. "పోనీ చెప్పు. ఎంతమందివి చదివావు?"

తూనీగ తల పైకెత్తలేదు. "లెక్కపెట్టలేదు సార్."

"బాగుంది," అన్నాడాయన గిలక్కాయ ఆమె చేతిలో పెడుతూ. "ఇన్నాళ్ళూ మేం చదవకుండా లెక్కపెట్టాం. నువ్వు లెక్కపెట్టకుండా చదివావు."