నలభై శాతం

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని. కాలిపోయిన సరుకు చూసి ఎంత మిగిలిందో తేల్చడం నా పని. మిగిలినదాంట్లో అమ్ముడుపోయేది ఏమన్నా ఉంటే దాన్ని సాల్వేజ్ అంటాం. దాని విలువ మేరకు క్లెయిమ్‌లో కోసేస్తాం. కొయ్యడంలో నన్ను మించినవాడు లేడని ఆఫీసులో పేరు. ఆ పేరంటే నాకు ముచ్చటగా కూడా ఉండేది.

ఆ మధ్యాహ్నం ఒక టైలరు కొట్టుకి వెళ్లాను. గుడ్డలన్నీ బూడిద. మధ్యలో తొక్కుడు మిషన్ ఒక్కటే మిగిలింది. వేడికి వంకరపోయి చక్రం బిగుసుకుపోయింది. దాని దగ్గర గుడ్డ కాలిన వాసనతో పాటు ఇంకో వాసన ఉంది. అదేమిటని నేను అడగలేదు.

"మా ఆవిడ దాని మీదే పోయింది సార్," అన్నాడు టైలరు. "మిషన్‌కి పూర్తి డబ్బులిప్పిస్తే కొత్తది కొనుక్కుంటా. నాకు ఇంకో పని రాదు."

జాలి కలగలేదు, ఎందుకు దాచడం. 'పనిచేస్తుంది. మిగిలిన విలువ: నలభై శాతం' అని రాశాను.

"చక్రం తిరగదు కదా సార్?"

"నూనె వేస్తే అదే తిరుగుతుంది. అంతా పోలేదుగా, ఉన్నదాంతో సర్దుకో."

అతను నా చేతిలోని కాగితం వంక చూశాడు.

"పనిచేస్తుందని మీరే రాశారు. మీరే తీసుకెళ్లండి," అన్నాడు మెల్లగా.

యజమాని వద్దంటే సాల్వేజ్ కంపెనీది. అమ్ముకోవాల్సింది మేమే. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి పగలబడి నవ్వాడు. "ఇది పనిచేస్తుందని ఏ మహానుభావుడు రాశాడండీ?" ఆఫీసులో ఎవడి కంటనన్నా పడితే నా ఉద్యోగానికి ఎసరు. గుట్టుగా ఆటోలో వేయించుకొచ్చి, మా ఇంటి వెనక గదిలో పడేసి తాళం పెట్టాను.

మూడు రోజులు పోయాక ఆదివారం మబ్బు పట్టింది. భోంచేసి నడుం వాల్చాను. మా ఆవిడ వచ్చి లేపింది.

"ఏవండీ, ఆ మిషన్ ఎప్పుడు బాగుచేయించారు? ఇందాకట్నించీ ఒకటే టకటక."

"అమ్మాయేది?"

"వెనక గదిలో ఆడుకుంటోంది."

"దానికి తాళం వేశాను కదే..."

"లేదే, తీసే ఉంది."

నడవలోకి రాగానే వాసన తగిలింది. ఆ కొట్టులో వాసనే. టక... టక... టక. గది చీకటిగా ఉంది. మా ఎనిమిదేళ్ల పిల్ల స్టూలు మీద కూర్చుని తొక్కుతోంది. చక్రం గిర్రున తిరుగుతోంది. సూదికి దారం లేదు. కింద గుడ్డ లేదు.

"దిగమ్మా."

"దిగనివ్వట్లేదు నాన్నా," గుసగుసగా అంది.

"ఎవరు?"

"నా వెనకాల ఆంటీ... పనిచేస్తుందని నువ్వే రాశావట కదా."

ఎత్తుకోబోయాను. రాలేదు. పిల్ల పాదాలు పెనంలా కాలుతున్నాయి. ముందు గదికి పరుగెత్తాను. ఆ టైలరు ఫైలు తీశాను. నేను రాసింది కొట్టేశాను. 'పనిచేయదు. దేనికీ పనికిరాదు' అని రాశాను.

చప్పుడు ఆగింది.

వెనక్కి వచ్చేసరికి పిల్ల నేల మీద పడి ఉంది. లేపి నిలబెడితే కూలిపోయింది. కాళ్లలో ఏ లోపమూ లేదంటున్నారు డాక్టర్లు. కానీ అవి కదలవు.

టైలరుకి పూర్తి డబ్బు వచ్చింది. కొత్త మిషన్ కొనుక్కుని, దారిలో కనబడితే నాకు నమస్కారం కూడా పెట్టాడు.

ఆ ఫైలు మూసేద్దామని నిన్న తీశాను. జాబితాలో మిషన్ గురించి రాసిన వరుస కింద ఇంకో వరుస ఉంది. 'ఆడపిల్ల. ఎనిమిదేళ్లు. మిగిలిన విలువ: నలభై శాతం.' నా చేతిరాతే. నేను రాయలేదు. కొట్టెయ్యడానికి ధైర్యం చాల్లేదు. ఒకసారి కొట్టేస్తే ఏమైందో చూశానుగా.

పక్కన 'సాల్వేజ్ ఎవరికి' అన్న గడి ఖాళీగా ఉంది. అందులో 'తండ్రికే' అని రాసి సంతకం పెట్టాను. నా పిల్ల ఎలా ఉన్నా నాకు కావాలి.

ఈ పొద్దున మళ్లీ తీసి చూశాను. నా అక్షరాల మీద మసి వేలిముద్ర ఉంది. ఆడమనిషి వేలిది. ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది.