కూలీ ఇస్రాయేలు కంచు మెడల్

"నకిలీది," అన్నాడు ఫ్రామ్‌జీ.

1938 జూన్ 6, సోమవారం. పగలు 11 గంటల 20 నిమిషాలు. హుజూర్‌నగర్ తహసీల్ కచేరీ.

సికింద్రాబాద్ నుంచి పిలిపించిన పార్శీ ముసలాయన చేతిలోని భూతద్దం దించాడు. నలభై ఏళ్లుగా పాత మెడల్స్ పోగుచేస్తున్న మనిషి. అసలేదో నకిలీ ఏదో చెప్పమని కోర్టులే ఆయన్ని పిలుస్తాయి.

బల్ల మీద రూపాయికన్నా పెద్దదైన కంచు బిళ్ల ఉంది. ఒక వైపు ఇంగ్లండు రాజు ముఖం. అంచు చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. 2714, కూలీ ఇస్రాయేలు, లేబర్ కోర్.

ఇరవై ఏళ్ల కిందటి జర్మనీ లడాయిలో మూటలు మోయడానికి బస్రా పోయి, అక్కడే మట్టిలో కలిసిన మనిషి ఇస్రాయేలు. సర్కారు అతని భార్య సాలమ్మకు ఒక మెడల్ ఇచ్చింది. కృష్ణ ఒడ్డున నాలుగెకరాలు కూడా ఇచ్చింది. పట్టా కాగితం గుడిసెతోపాటు కాలిపోయింది. ఆ నేల మీద ఇప్పుడు ఊరి దొర కన్ను పడింది. సాలమ్మకు మిగిలిన రుజువు ఆ మెడలొక్కటే. దాని అంచు మీది నంబరు, పేరు, ఎవరికి మెడల్, నేల ఇచ్చారో రాసిన హైదరాబాద్ రిజిస్టర్లో ఉన్నాయి. గురువారం ఆమె దాన్ని కచేరీలో దాఖలు చేసింది. సోమవారానికి అది నకిలీ అయి కూర్చుంది.

"నేను ముందే చెప్పిన గద సాబ్," తలుపు దగ్గరున్న సాలమ్మ వైపు వేలు చూపుతూ దొర గుమాస్తా నర్సింహ లేచాడు. "అసలు మెడల్ వెండిది. మా దొర చుట్టానికి వచ్చింది వెండిదే. గీమె కంచు ముక్క తెచ్చి సర్కారునే మోసం జేస్తాంది."

"కూసో నాయనా," అన్నాడు ఫ్రామ్‌జీ. "తుపాకి పట్టినోనికి వెండి ఇచ్చిన్రు. మూట మోసినోనికి కంచు ఇచ్చిన్రు. ఇస్రాయేలుకు రావలసింది కంచుదే. అది తప్పు కాదు."

"మరి తప్పేంది?" అడిగాడు తహసీల్దార్.

"అసలు మెడల్ అంచు మీద ఒక్కో అక్షరం పంచ్ పెట్టి కొడతరు. కత్తి లెక్క తెగి ఉంటది. గీ అక్షరాలు నానిన బియ్యం తీరుగున్నయి. అసలుదాన్ని అచ్చుల ఒత్తి, కరిగిన కంచు పోసి చేసిన కాపీ ఇది. కొలత సూడున్రి. ముప్పై ఆరు మిల్లీమీటర్లు ఉండాలె. అర మిల్లీ తక్కువుంది. పోసిన లోహం సల్లారితే గుంజుకుంటది."

తహసీల్దార్ పోలీసు అమీన్ వైపు తిరిగాడు.

"ఎల్లస్వామీ, ఈమె మీద ఫోర్జరీ కేసు రాయి. సాయంత్రం నేను క్యాంపుకు పోతున్న. అయిదు లోపల ఫైలు బంద్ కావాలె."

అమీన్ ఎల్లస్వామి మోకాళ్లు పట్టుకుని లేచాడు. యాభై మూడేళ్లు. ఇరవై ఆరేళ్ల పోలీసు నౌకరీ. పైవాళ్లు బంద్ చేయమన్న ఫైళ్లు ఎన్ని బంద్ చేశాడో లెక్క మరిచిపోయాడు. ఇది ఇంకొకటి. సాలమ్మకు మాత్రం ఉన్నదంతా ఇదే. నేల పోతుంది, మనిషి జైలుకు పోతుంది.

11.45. కచేరీ వరండా. సాలమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఎక్కడ పోయించినవు?" అడిగాడు ఎల్లస్వామి.

"ఏం పోయించిన?"

"ఆ కాపీ."

"అమీన్‌సాబ్, నేను జొన్న గట్క కుండల పోసుకునేతందుకే దిక్కులేదు. కంచు యాడ పోయిస్త?"

"గురువారం ఎన్ని గంటలకు దాఖలు చేసినవు?"

"నా మెడల గడియారం యాలాడుతుందా? పొద్దు గుంకంగ."

"ఎవరి చేతికిచ్చినవు?"

"పేష్కార్ మాణిక్యరావుకు. కచేరీ కాగితాలు బీరువల పెట్టేటాయనకు."

"నీ ముందరనే సంచిల పెట్టి సీల్ వేసిండా?"

"రేపేస్త పో అన్నడు. పోయిన."

"ఇయ్యాల సంచి ఇప్పినప్పుడు నీదేనా అని చూసుకోలేదా?"

"సూసిన. నాది కాదు. ఎవడన్న అడిగితే గద చెప్పుడు!"

"నీది కాదని ఎట్ల తెలుసు?"

"ఇరవై ఏండ్లు తుడిసిన బిళ్ల. తెల్వదా?"

తుడిచిన చేతికి తెలుసు. కోర్టుకు తెలియదు. ఎల్లస్వామి పెన్సిల్‌తో గీసుకుంటూ, అలవాటుగా చివరి ప్రశ్న అడిగాడు.

"దాంతోని వేరేదేమన్న ఇచ్చినవా?"

"దాన్ని పెట్టుకునే తోలుతిత్తి ఇయ్యబోయిన. 'తోలు నా బల్ల మీద పెడతవేందే, తియ్' అన్నడు. బిళ్లను సుత గుడ్డతోని అందుకున్నడు. తిత్తి నేనే ఇంటికి కొంచబోయిన."

ఎల్లస్వామి నోట్‌బుక్ మూశాడు. మెట్లు దిగాడు. నీళ్ల కుండ దాకా పోయి, గ్లాసు ముంచి, తాగకుండానే వెనక్కి వచ్చాడు.

"ఆ తిత్తి ఎవరు కుట్టిన్రు?"

"మా అత్త బిక్షమ్మ. పచ్చితోలు నానబెట్టి, బిళ్ల మీద బిగ్గిచ్చి కట్టి, ఎముకతోని రుద్దిరుద్ది ఎండబెట్టింది. కొడుకు గీ బిళ్లల ఉన్నడని రెండు దినాలు రుద్దింది ముసల్ది."

పన్నెండు గంటల ఎండలో అమీన్ మాదిగవాడకు నడిచాడు. వెనక జవాను పోచయ్య, ఇంకా వెనక సాలమ్మ.

"హుజూర్, జర ఆగుదమా? గీ ఎండల తోలుముక్క కోసం పోతే మన తోలు ఊడేటట్టుంది."

"నడువు పోచయ్యా."

సాలమ్మ చూరులోంచి తిత్తి తీసింది. చిన్న గిన్నెలాంటి నల్లటి తోలు, దాని మీద ఒక మూత. పోచయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అమీన్ తానే తీసుకుని మూత ఎత్తి, లోపలి గోడను ఎండకు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

అర్థమైంది. అర్థమైనందుకు సంతోషమేం కలగలేదు. అర్థం కాకపోయి ఉంటే సాయంత్రం ఇంటికి పోయి పడుకునేవాడు.

"పోచయ్యా, ఊర్ల కంచు పోసేటోళ్లు ఎందరు?"

"ఒక్కడే హుజూర్. కంచరి కాటమయ్య."

"నాలుగింటికి కచేరీకి తోలుకరా. ఎందుకని అడిగితే తెల్వదను."

"నాకు నిజంగనే తెల్వదు హుజూర్!"

సాయంత్రం నాలుగు. కచేరీ హాలు. తహసీల్దార్, ఫ్రామ్‌జీ, పేష్కార్ మాణిక్యరావు, గుమాస్తా నర్సింహ. తలుపు దగ్గర కాటమయ్య. గోడ పక్కన సాలమ్మ.

అమీన్ తిత్తిని తహసీల్దార్ ముందు పెట్టాడు. పేష్కార్ తన కాగితాలు దూరం జరుపుకున్నాడు.

"ఫ్రామ్‌జీ సాబ్, మీరు చెప్పింది నిజం. బల్ల మీదిది నకిలీదే. అయితే అది ఎప్పటినుంచి నకిలీదని మనం అడగలేదు. ఆ నకిలీదాన్ని తిత్తిల పెట్టున్రి."

ఫ్రామ్‌జీ పెట్టి, చెవి దగ్గర ఊపాడు. గలగలమంది.

"ఇప్పుడు మీరు పోల్చి చూసేతందుకు తెచ్చుకున్న అసలు కంచు మెడల్ పెట్టున్రి."

అది ఊరికే దిగలేదు. బొటనవేలితో నొక్కితే చప్పుడు లేకుండా బిగిసి కూర్చుంది. ముసలాయన కళ్లు మెరిశాయి. మెడల్ తీసేసి, తిత్తి లోపలి గోడకు భూతద్దం పెట్టాడు.

"అక్షరాలున్నయి! అద్దంల చూసినట్టు తిరగబడి ఉబ్బినయి. రెండు, ఏడు, ఒకటి, నాలుగు. కూలీ ఇస్రాయేలు. పంచ్ దెబ్బ అక్షరాలే ఇవి, అంచులు తెగి ఉన్నయి. గీ కాపీ మీద ఒత్తితే ఇట్ల రావు."

"తడి తోలు దేన్ని పట్టుకుంటే దాని తీరే ఎండుతది సాబ్," అన్నాడు అమీన్. "ఇరవై ఏండ్ల కింద ఈ తిత్తి పట్టుకున్నది అసలు మెడల్‌ను. మార్చినోడు తిత్తి లోపల చూస్తే దీన్ని కూడా మాయం చేసేటోడు. చూడలేదు. ఎందుకంటే తోలు ముట్టడు."

"ఎవరిని అంటున్నవ్ అమీన్?" పేష్కార్ గొంతు లేచింది. "మాదిగది తోలు సంచి తెస్తే దాన్ని సాక్ష్యం అంటరా?"

"గురువారం నుంచి ఇయ్యాల పొద్దటిదాక బీరువ తాళం ఎవరిదగ్గర ఉంది?"

"నాదగ్గరే. అయితే?"

"ఏమీలేదు. కాటమయ్యా, ఇట్ల రా. ఇది మంచి కంచేనా, చూసి చెప్పు."

నకిలీ మెడల్‌ను కంచరి చేతిలో పెట్టాడు. కాటమయ్య దాన్ని తిప్పనైనా లేదు. బొటనవేలు తిన్నగా అంచు మీద ఒకచోటికి పోయి అక్కడే రాసింది. పోతపోసినవాడు ఆకురాయి పట్టిన జాగాను తడుముకోకుండా ఉండలేడు.

"ఆడ ఏముంది కాటమయ్యా?"

వేలు ఆగింది.

"కంచు పోసిన కాలువ తెంపిన జాగ గద అది? మేం భూతద్దం పెట్టి ఎతుకుతున్నం. నీ ఏలికి ఎవరు చెప్పిన్రు?"

కాటమయ్య నేల మీద కూలబడ్డాడు.

"నాకేం తెల్వదు బాంచెను! శుక్రారం పొద్దుగాల పేష్కార్ సాబ్ అసలు బిళ్ల తెచ్చిండు. సర్కారు పని అన్నడు. అచ్చు తీయమన్నడు. తర్వాత వేరే కంచు పోస్తే రంగు మారుతదని, దాన్నే కరిగిచ్చి పొయ్యమన్నడు. పోసిన."

సాలమ్మ గోడ దగ్గర నుంచి అడుగు ముందుకు వేసింది.

"కరగబోసినవా కాటమన్నా?"

"తెల్వక అక్కా."

"గీ కంచంత... ఆయిన పేరున్న బిళ్లదేనా?"

"అదే కంచు. తక్కింది నేను కరిగిచ్చిన మూసలనే ఉంది. తెచ్చిస్త."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. బల్ల మీది బిళ్లను చూసింది, ముట్టలేదు.

నర్సింహ మెల్లగా తలుపు దిక్కు జరిగాడు. అక్కడ పోచయ్య నిలబడి ఉన్నాడు. "యాడికి గుమాస్తా సాబ్? బయట ఎండున్నది," అన్నాడు.

"నేనొక్కన్నే మునుగుతనా!" పేష్కార్ అరిచాడు. "గీ నర్సింహే వచ్చిండు. దొర చెప్పిండని చెప్పిండు!"

తహసీల్దార్ అమీన్‌ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"పేష్కార్, గుమాస్తా సరే. రిపోర్టుల దొర పేరు అవసరం లేదు."

"రాసిన సాబ్."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఆదిలాబాద్ అడవికి ట్రాన్స్‌ఫర్ చేస్తరు, తెలుసా?"

"ఆడ నీడుంటదట సాబ్."

తహసీల్దార్ తన గడియారం చూశాడు. 4.50. ఫ్రామ్‌జీ అప్పటికే సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాడు. తిత్తిలోని నంబరు, పేరు ఫైల్లో ఉన్న హైదరాబాద్ రిజిస్టర్ నకలుతో సరిపోయాయి. నిరాకరించడానికి ఒక్క సాకూ మిగల్లేదు. పేష్కార్ అప్పటికే జవాను కాపలాలో ఉన్నాడు కాబట్టి కొత్త పట్టా ఆయనే స్వయంగా రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

సాలమ్మ కాగితాన్ని అమీన్ ముందుకు చాపింది.

"సదువు."

ఎల్లస్వామికి నాలుక పిడచకట్టుకుపోయింది. పొద్దటి నుంచి నీళ్లు తాగలేదు. ఉర్దూ అక్షరాలను వేలితో పట్టుకుంటూ తెలుగులో చదివాడు. సాలమ్మ, భర్త ఇస్రాయేలు. నాలుగెకరాలు. తూర్పున ఏరు, పడమట బండ్ల బాట.

"మల్ల సదువు."

"ఒకసారి సరిపోదా?"

"గీ కచేరీల పెట్టింది పెట్టినట్టు ఉంటలేదు అమీన్‌సాబ్. సదువు."

అమీన్ కళ్లు నలుపుకుని మళ్లీ చదివాడు. సాలమ్మ పెదవులు కదుపుతూ ఒక్కో మాటను పోల్చుకుంది. ఏరు ఏరే. బాట బాటే. పేరు తనదే.