లాకుల దగ్గర పాత డబ్బా

తణుకు దాటి మా ఊరికొచ్చే కాలువ మీద పాత లాకులున్నాయి. పడవలు ఆగిపోయాక అక్కడికి పనున్నవాడు వెళ్లడు, పని లేనివాడు అసలే వెళ్లడు. ఎప్పుడో మునిగిన పడవ తాలూకు సరంగు, చీకటి పడగానే లాంతరు పట్టుకుని గట్టు దిగుతాడని, నీళ్లకేసి వంగి ఏదో లెక్కపెట్టుకుంటాడని... చూసినవాళ్లు పదిమంది. దగ్గరికెళ్లి చూసినవాడు ఒక్కడూ లేడు.

చివరికి మా మణిశంకర్ వెళ్లాడు. ధైర్యం వల్ల కాదు — నూట అరవై మీటర్ల వల్ల.

రెండు వేల ఏడు సంగతి. వాడు ఇంజినీరింగ్ మూడో ఏడు. అప్పుడే వాడికో పిచ్చి పట్టింది. ఎక్కడో ఓ ప్లాస్టిక్ డబ్బా దాచి, ఆ చోటుని అంకెల్లో ఇంటర్నెట్‌లో పెడతారు. జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు డబ్బాలోని పుస్తకంలో సంతకం చేసి, మళ్లీ దాచేసి పోతారు. అంతే. గడ్డాలొచ్చినవాళ్ల దాగుడుమూతలు.

వాడి డబ్బా మాత్రం కాలువ వంతెన కిందే పెట్టాలట. ఇంటి అరుగు మీంచి కనపడుతుంది, వెతుక్కునేవాళ్లని కాఫీ తాగుతూ చూడొచ్చు. క్లాసంతటికీ చాటేశాడు కూడా. వెబ్‌సైట్ తరఫున బెంగుళూరులో ఉండే పెద్దమనిషి ఒప్పుకోలేదు. డబ్బాకీ డబ్బాకీ నూట అరవై మీటర్ల దూరం ఉండాలి. లాకుల దగ్గర ఎవరో పెట్టిన పాత డబ్బా నూట నలభైలోనే ఉంది. మూడేళ్లుగా దాన్ని ఒక్కరూ చూసినట్టు లేదు. పెట్టినవాడు జవాబివ్వడు. పుస్తకం ఖాళీగా ఉన్నట్టు ఫొటో పంపితే పాతది రద్దు చేస్తానన్నాడాయన.

జీపీఎస్ కాలేజీ సర్వే ల్యాబ్‌ది. పొద్దున్నే తిరిగిచ్చెయ్యాలి. పరీక్ష రాసి బస్సు దిగేసరికి ఏడు కావస్తోంది, పైగా కరెంటు లేదు. ఇక్కణ్ణించి వాడు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. "నాకేం భయం వెయ్యలేదు" అన్న మాట ఒక్కటే తీసేశాను — పదకొండుసార్లు అన్నాడు.

గట్టు నిండా తుమ్మకంపలు. చేతిలో అంకెలు తగ్గుతున్నాయి. అరవై... ముప్పై... పన్నెండు. లస్కర్లుండే పాత క్వార్టరు, తలుపు లేని వాకిలి. లోపలికెళ్లాడు. గూట్లో ఓ ఇటుక కదిలింది. దాని వెనక — డబ్బా.

మూత మీద దుమ్ము లేదు.

పుస్తకం తీసి ఫోను వెలుగులో తెరిచాడు. ఖాళీ లేదు. తిప్పాడు... ఖాళీ లేదు. తేదీ, టైము, ఎదురుగా ఏవో అంకెలు. ఒక్క రోజూ తప్పకుండా, సాయంత్రం ఏడింటికి. చివరి వరస నిన్నటిది.

టైము చూశాడు. ఏడుకి రెండు నిమిషాలు.

టక్... టక్... మెట్ల మీద.

గోడ మీద పచ్చటి వెలుగు పాకింది. లాంతరు. దాని వెనక తెల్లటి పంచె. పారిపోదామంటే వాకిలి ఒక్కటే — అది వాకిట్లోనే నిలబడింది.

"వచ్చారా..." అంది గుసగుసగా. "మూడేళ్లనించి చూస్తున్నానండి."

మణిశంకర్ ఆంజనేయుణ్ణి పిలవబోయాడు. నోట్లోంచి సర్వే మాస్టారి పేరు వచ్చింది.

ఆ ఆకారం చేతికర్ర గోడకి ఆనించి, చెప్పులు బయట విప్పింది. దెయ్యాలు చెప్పులు విప్పవని వాడికప్పుడు తోచింది.

ఆయన యెహెజ్కేలు. ఈ లాకులకి ఒకప్పటి లస్కరు. తలుపులెత్తి దించడం, రోజూ నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. లాకులు మూసినప్పుడు పుస్తకం పట్టుకెళ్లిపోయి, ఆయన్ని ఇంటికి పంపేశారు. అవతలి గట్టు ఊళ్లో కూతురి దగ్గరుంటున్నాడు.

"ఆర్నెల్లకి ఇటొచ్చి చూద్దును గదా, గూట్లో కొత్త పుస్తకం పెట్టారండి. తేదీ గడి, టైము గడి, పెన్సిలు. పెట్టారంటే అవసరం ఉన్నట్టే గదండీ."

జీతాలిచ్చే ఆఫీసుల్లో లేని హాజరు ఆ డబ్బాలో ఉంది. జీపీఎస్ చూసి వీణ్ణి ఆఫీసరనుకున్నాడు. వస్తూ చూసొచ్చిన ఆ రోజు మట్టం రాశాడు — నాలుగడుగుల రెండంగుళాలు — పెన్సిలు వాడి చేతికిచ్చాడు.

"ఇనస్పెక్షను సంతకం పెట్టండి బాబుగారూ. లాకులు మరి తీసెయ్యరు గదా?"

రద్దు చెయ్యడానికి వెళ్లినవాడు సంతకం పెట్టి, పక్కన "సరిగా ఉన్నది" అని కూడా రాశాడు.

బెంగుళూరుకి నిండు పుస్తకం ఫొటో వెళ్లింది. ఇన్నిసార్లు తెరిచిన డబ్బాని తానెన్నడూ చూళ్లేదని అక్కడి పెద్దమనిషి జవాబిచ్చాడు. వంతెన డబ్బా మణిశంకర్ వాళ్లింటి అటకెక్కింది. దాన్లోని కొత్త పుస్తకం లాకుల గూట్లోకి చేరింది. క్లాసువాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు.

లాకుల దగ్గర దెయ్యం లేదని ఊళ్లో ఎవడైనా అన్నాడా, ఉందని ఒట్టేసి నమ్మించేది మాత్రం మణిశంకరే. కళ్లారా చూశానంటాడు, అటు పోవద్దంటాడు.

నెలకోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, సాయంత్రం ఏడింటికి ఆ గట్టెక్కేదీ వాడే.